జారుతూనే పట్టుకునే నూనె

నాన్న టెక్సస్ వచ్చిన తొలివారంలోనే నా పికప్ ట్రక్కు ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తోలడానికి కాదు, చూడ్డానికి. కూర్చోగానే ఎడమ కాలు కింద తడుముకుంది. అక్కడ క్లచ్ పెడల్ లేదు. విజయవాడ, చిలకలూరిపేట, నెల్లూరు దారిలో ఇరవై ఏళ్లు లారీ తోలిన కాలు అది.

మర్నాడు నేను తోలుతుంటే పక్కన కూర్చున్నాడు. ఎర్ర లైటు దగ్గర ఆగాం. బండి గేర్లోనే ఉంది, ఇంజను తిరుగుతోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు.

"క్లచ్ తొక్కకుండా గేర్లో ఆపితే ఇంజను కొట్టుకుని ఆగిపోవాలి గదరా?"

"ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఇనప బంధం లేదు నాన్నా. నూనె ఉంది."

"నూనె జారుద్ది. జారేది ఎట్టా లాగుద్ది?"

లైటు పచ్చబడింది కానీ ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ శనివారం ఇంటి ముందు మేమిద్దరం కలిసి ఆ నూనెని మార్చాం. పని సాగుతున్న కొద్దీ జవాబు కూడా ఒక్కో ముక్కా బయటపడింది.

అమెరికాలో ట్రక్కు అంటే లారీ అనే కాదు. వెనక తొట్టి ఉన్న పికప్‌ని కూడా ట్రక్కు అనే అంటారు. నాది 2005 నాటి షెవర్లే సిల్వరాడో 1500. దాని గేర్‌బాక్సు పేరు 4ఎల్60-ఈ. ముందుకి నాలుగు గేర్లు. పాత డిజైను కావడంతో ఇంట్లో పని చేసుకునేవాళ్లకి ఇదొక మంచి పాఠశాల.

మజ్జిగ చిలికే కుండని గుర్తు చేసుకోండి. తాడు లాగినప్పుడు తిరిగేది కవ్వం. కానీ కుండ కూడా దానితోపాటు తిరగబోతుంది. అందుకే దాన్ని కుదురు మీద పెట్టి, పాదాలతో అదిమి పట్టి చిలికేవారు. కవ్వం కుండకి ఎక్కడా తగలదు. మధ్యలో ఉన్న పెరుగే ఆ తిప్పుడుని కుండ గోడకి చేరవేస్తుంది. పాదాలు తీసేస్తే కుండ తిరుగుతుంది. అదిమి పెడితే కుండ ఆగుతుంది, కవ్వం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎర్ర లైటు దగ్గర మా బండిలో జరిగింది ఇదే. ఇంజను కవ్వం, చక్రాలు కుండ, బ్రేకు పాదాలు.

ఈ ఊహని యంత్రంగా మార్చినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. స్టెటిన్ నగరంలోని వల్కన్ నౌకా నిర్మాణశాలలో పనిచేసేవాడు. ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది, ఓడ ప్రొపెల్లరేమో నెమ్మదిగా తిరగాలి. ఈ రెండింటినీ ద్రవంతో కలపవచ్చని అతను 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఓడల కోసం పుట్టిన ఆ ఆలోచన 1939లో జనరల్ మోటార్స్ 'హైడ్రామాటిక్' గేర్‌బాక్సుగా ఓల్డ్స్‌మొబీల్ కార్లలోకి వచ్చింది. పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎం5 స్టూవర్ట్ ట్యాంకులని కూడా అదే నడిపింది.

ఇప్పుడు మన బండ్లలో ఉండేది టార్క్ కన్వర్టర్. చూడ్డానికి పెద్ద ఇనప గారెలా ఉంటుంది. లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు, నిండా నూనె. ఇంజను వైపు చక్రం నూనెని విసురుతుంది, ఆ విసురుకి గేర్‌బాక్సు వైపు చక్రం తిరుగుతుంది. కుండకీ దీనికీ తేడా ఒకటే: రెండింటి నడుమ మూడో చిన్న చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని స్టేటర్ అంటారు. రెండో చక్రాన్ని తోసి వెనక్కి వచ్చే నూనె మొదటి చక్రానికి ఎదురు తగలకుండా, స్టేటర్ దాని దారి మళ్లించి మొదటి చక్రం తిరిగే వైపుకే పంపుతుంది. తిరిగొచ్చిన తోపు కొత్త తోపుతో కలుస్తుంది. అందుకే బండి కదిలే తొలి క్షణంలో, ఇంజను ఇచ్చే తిప్పుడు బలం సుమారు రెట్టింపై చక్రాలకి అందుతుంది. బరువు బండిని లారీ డ్రైవరు క్లచ్ మీద ఒడుపుగా లేపినట్టే, ఇక్కడ ఆ ఒడుపు నూనెది.

ఊరికే రాదు కదా. రెండు చక్రాల వేగాల్లో తేడా ఉన్నంతసేపూ శక్తిలో కొంత వేడిగా మారి నూనెలోకే పోతుంది. హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు లోపలున్న ఒక క్లచ్ ఆ రెండు చక్రాలనీ ఒకటిగా బిగించేస్తుంది కాబట్టి అప్పుడు వేడి తక్కువ. ఊళ్లో ట్రాఫిక్, కొండ దారి, వెనక ట్రైలర్ ఉన్నప్పుడు నూనె మరిగిపోతుంది. ఆ వేడిని వదిలించుకోవడానికే నూనె ఒక సన్నటి గొట్టంలో రేడియేటర్ దాకా వెళ్లి, చల్లబడి తిరిగొస్తుంది.

నూనెకి రెండో పని ఉంది. గేర్లు మార్చే చెయ్యి కూడా అదే. గేర్‌బాక్సు ముందు భాగంలో ఒక పంపు ఉంటుంది, ఇంజను తిరిగినంతసేపూ తిరుగుతుంది. కంప్యూటరు ఏ మార్గం తెరిస్తే ఆ మార్గంలోకి ఆ పంపు ఇచ్చే పీడనం వెళ్తుంది, అక్కడున్న పిస్టన్ కదిలి క్లచ్ పలకలని అదుముతుంది. పాస్కల్ చెప్పిన సూత్రమే. చదరపు సెంటీమీటరుకి 7 కిలోల పీడనం ఉందనుకోండి, పిస్టన్ వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. అదిమే బలం 700 కిలోలు. బస్తాలు మోసే హమాలీలు పదిమంది ఒక్కసారిగా ఎక్కి నిలబడ్డట్టు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, ఆ చెయ్యి చచ్చుబడుతుంది. బ్యాటరీ దిగిపోతే పాత లారీని తోసి స్టార్ట్ చేసినట్టు దీన్ని చేయలేం. వెనక చక్రాలు నేల మీద దొర్లుతుండగా దీన్ని తాడుతో లాక్కుపోకూడదు కూడా. పంపు తిరగదు, లోపలి భాగాలకి నూనె అందదు, అవి ఎండుగా రాసుకుని మాడిపోతాయి.

ఇక నాన్న ప్రశ్నలో అసలైన సగం: జారేది ఎట్టా పట్టుకుంటుంది?

లారీ క్లచ్ పొడి క్లచ్. దాని మీద ఒక్క నూనె చుక్క పడ్డా జారడం మొదలవుతుందని నాన్నకి తెలుసు. ఆటోమేటిక్ క్లచ్‌లు నూనెలో మునిగే ఉంటాయి. ఒక ఉక్కు పలక, ఒక కాగితపు పలక, మళ్లీ ఉక్కు, మళ్లీ కాగితం, ఇలా దొంతరగా పేర్చి ఉంటాయి. కాగితం అని ఊరికే అనడం లేదు. చెట్ల నార నుంచి వచ్చే సెల్యులోజునీ ఇతర పీచులనీ రెసిన్‌తో అతికి చేసిన, సూక్ష్మ రంధ్రాలున్న నిజమైన కాగితం లాంటి పదార్థమే అది. రెండున్నర టన్నుల బండిని లాగేది దాని పట్టే.

పిస్టన్ అదిమినప్పుడు పలకల మధ్య నూనె కాగితపు రంధ్రాల్లోకి పిండుకుపోతుంది. చివరికి కొన్ని అణువుల మందం ఉన్న పొర మాత్రమే మిగులుతుంది. అక్కడ నడిచేది నూనె చిక్కదనం కాదు, దాని రసాయనం.

ఇంట్లో బీరువా జరిపినప్పుడు ఏమవుతుంది? ముందు కదలదు. బలం పెంచుతాం, ఒక్కసారిగా కదులుతుంది, ఆపైన తేలికవుతుంది. ఆగి ఉన్నప్పటి ఘర్షణ కదిలేటప్పటి ఘర్షణ కంటే ఎక్కువ కాబట్టి అలా జరుగుతుంది. దీన్ని తిరగేసి చూడండి. జారుతున్న రెండు పలకలు నెమ్మదిస్తూ ఆగబోతున్నాయి. సరిగ్గా ఆగే క్షణంలో ఘర్షణ గబుక్కున పెరిగితే, పట్టు ఒక్క కుదుపుతో పడుతుంది. లేదా పట్టి వదిలి, పట్టి వదిలి, వయొలిన్ కమాను తీగ మీద చేసే పనే చేస్తుంది. వయొలిన్‌లో అది సంగీతం. గేర్‌బాక్సులో అది వణుకు. గులకరాళ్ల రోడ్డు మీద పోతున్నట్టు బండంతా అదురుతుంది.

కాబట్టి ఈ నూనె ప్రకృతి అలవాటుకి ఎదురు నడవాలి. జారుడు వేగంగా ఉన్నప్పుడు ఘర్షణ ఎక్కువగా, ఆగబోతున్నప్పుడు కాస్త తక్కువగా ఉండాలి. ఆగాక మాత్రం బండి బరువుకి జారకుండా చాలినంత పట్టు మిగలాలి. ఈ మూడు షరతులనీ నెరవేర్చడానికి నూనెలో కలిపే పదార్థాలని ఘర్షణ సవరణకాలు అందాం. వాటి అణువుకి ఒక చివర ఉక్కుని అంటిపెట్టుకునే తల, రెండో చివర పొడుగాటి తోక. నాటిన వరినారులా అవి ఉక్కు మీద తలలు పాతుకుని, తోకలు పైకి లేపి నిలబడతాయి. పలకలు నెమ్మదించి దగ్గరయ్యే ఆఖరి క్షణంలో ఆ తోకలు ఒకదాని మీద ఒకటి మెత్తగా జారి, కుదుపు లేకుండా పట్టు పడనిస్తాయి.

మనుషులు ఈ అణువుల కోసం ఒకప్పుడు సముద్రం దాకా వెళ్లారు. 1970ల మొదటి వరకూ అమెరికాలో ఆటోమేటిక్ నూనెల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. మామూలు కొవ్వుల్లా కాకుండా అది ద్రవరూపంలో ఉండే మైనం. వేడికి తట్టుకుంటుంది, ఉక్కుని అంటుకుంటుంది. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. రసాయన శాస్త్రవేత్తలు కొత్త అణువులని వెతుక్కోక తప్పలేదు. ఎడారి మొక్క హొహోబా గింజల నూనె మీద దృష్టి పడింది కూడా అందుకే. అదీ ద్రవ మైనమే. కార్లు సాఫీగా గేరు మారడానికి ఒక తిమింగలం చావాల్సి వచ్చిందన్న సంగతి తెలిసినప్పటి నుంచి, కొత్త డబ్బా మూత విప్పిన ప్రతిసారీ నాకది గుర్తొస్తుంది.

నూనె ఎంపికలో పొరపాటు ఎందుకు ఖరీదైనదో ఇప్పుడు తెలుస్తుంది. ఫోర్డ్ పాత టైప్ ఎఫ్ నూనెలో ఘర్షణ సవరణకాలు లేవు, జనరల్ మోటార్స్ డెక్స్రాన్‌లో ఉన్నాయి. రెండూ ఎర్రగానే ఉంటాయి. ఎరుపు వట్టి రంగు. కింద చుక్క పడితే ఇంజన్ ఆయిలా, గేర్‌బాక్సుదా తెలియడానికి కలుపుతారు. నా బండి కొన్నప్పుడు డెక్స్రాన్-3 వాడమన్నారు. 2005లో డెక్స్రాన్-6 వచ్చాక, పాత బండ్లలోనూ దాన్నే పోయవచ్చని కంపెనీయే చెప్పింది. నేను అదే కొన్నాను. డబ్బా మీద "అన్ని బండ్లకీ సరిపోతుంది" అని రాసినవి నేను కొనను. బండి పుస్తకం ఏ పేరు చెబితే ఆ పేరే కొంటాను.

వేడి ఈ రసాయనాన్నంతా నెమ్మదిగా తినేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది పాత అంచనా. నూనె ఆక్సిజన్‌తో కలిసి పాడవడం కూడా అలాంటి చర్యే. ఇలాంటి బండ్ల పుస్తకాల్లో మామూలు వాడకానికి 1,00,000 మైళ్లకీ, కష్టమైన వాడకానికి 50,000 మైళ్లకీ, అంటే 80,000 కిలోమీటర్లకీ, నూనె మార్చమని ఉంటుంది. కష్టమైన వాడకానికి పుస్తకం ఇచ్చే గుర్తుల్లో ఒకటి: 32 డిగ్రీలు తరచూ దాటే చోట ఊళ్లో ట్రాఫిక్. డాలస్ వేసవిలో 32 అంటే చల్లటి పూట. విజయవాడలోనూ అంతే. అంటే మన లెక్కలో అందరిదీ కష్టమైన వాడకమే.

పని మొదలుపెట్టాం. ముందు బండిని కాసేపు నడిపి నూనెని గోరువెచ్చగా చేశాను. మరిగే వేడి మీద పనిచేయకూడదు. చేతులు కాలతాయి, పక్కనే సైలెన్సర్ గొట్టం ఉంటుంది. చదునైన సిమెంటు నేల, చక్రాలకి అడ్డు దిమ్మలు, నాలుగు జాకీ స్టాండ్లు. జాకీ ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు. ఒట్టి జాకీ మీదున్న బండి కిందికి తల పెట్టకండి, ఒక్క నిమిషానికి కూడా.

ఈ గేర్‌బాక్సు అడుగున మూకుడు లాంటి రేకు ఉంటుంది, పాన్ అంటారు. నా దానికి నూనె వదిలే బిరడా లేదు. చుట్టూ ఉన్న 16 బోల్టులూ విప్పి పాన్‌నే దించాలి. నిండుగా ఉన్నది దించితే మీద పోసుకోవడం ఖాయం. అందుకని ముందు డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతిపంపుతో రెండు లీటర్లు తోడేశాను. తరవాత వెనక వైపు బోల్టులు విప్పి, ముందువి వదులు చేస్తే పాన్ వెనక్కి వంగి, మిగతాది తొట్టిలోకి ధారగా కారింది.

నాన్న రెండు వేళ్ల మధ్య నూనె రుద్ది చూశాడు. "నీళ్ల మాదిరి ఉందేంట్రా?" అన్నాడు. లారీ గేర్ ఆయిల్ కంటే ఇది ఐదారు రెట్లు పలచన. అది తేనెలా పళ్లకి పట్టుకుని ఉండాలి, ఇది దారపు సందుల్లోంచి పరిగెత్తాలి. వాసన చూశాడు. మాడు వాసన లేదు. రంగు ముదిరి ఇటుక రంగుకి వచ్చింది. రంగు ముదిరినంత మాత్రాన చెడినట్టు కాదు. మాడు వాసనా, అందులో తేలే నల్లటి నలకలూ ఉంటే క్లచ్ కాగితం కాలుతున్నట్టు. అన్నిటికంటే భయపడాల్సింది రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగు. అలా కనిపిస్తే రేడియేటర్ లోపల గొట్టం చిల్లుపడి కూలెంట్ నీళ్లు నూనెలో కలిశాయన్నమాట. నీరు తగిలితే కాగితాన్ని పట్టి ఉంచిన జిగురు ఊడిపోతుంది.

పాన్ అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పూత, వేళ్ల మధ్య కాటుకలా నలిగేది, మామూలు అరుగుదల. ముల్లులా గుచ్చుకునే ఇనప ముక్కలు కనిపిస్తే ఏ పన్నో, బేరింగో విరిగినట్టు. మాకు కాటుకే దొరికింది. నాన్న తన భుజం మీది తువ్వాలు ఇచ్చి తుడవమన్నాడు. వద్దన్నాను. లోపలి వాల్వులకి, వాటి గదులకి మధ్య సందు వెంట్రుకకంటే సన్నం. తువ్వాలు నూలుపోగు ఒక్కటి చాలు, వాల్వు ఇరుక్కోవడానికి. నూలు వదలని కాగితపు గుడ్డతో తుడిచాం.

నూనె మారిస్తే గేర్‌బాక్సు పాడవుతుందనే మాట ఇక్కడా వింటాను, ఇండియాలోనూ వింటాను. చాలామంది గేర్లు జారడం మొదలయ్యాక నూనె మారుస్తారు. అప్పటికే కాగితం అరిగిపోయి ఉంటుంది. నూనె అరిగిన కాగితాన్ని తిరిగి పుట్టించలేదు. వారానికి గేర్‌బాక్సు కూర్చుంటుంది, నింద కొత్త నూనె మీద పడుతుంది. బాగున్నప్పుడు మార్చడమే దీనికి విరుగుడు.

పాత ఫిల్టర్ని కిందికి లాగితే వచ్చింది కానీ దాని రబ్బరు సీలు రంధ్రంలోనే మిగిలిపోయింది. చాలామంది దాన్ని చూడకుండానే కొత్తది నొక్కేస్తారు. అప్పుడు పంపు నూనెతోపాటు గాలి పీలుస్తుంది. సీలుని రంధ్రం గోడకి గీత పడకుండా తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మొత్తం పనిలో ఓపిక కావల్సిన చోటు ఇదొక్కటే. తరవాత పాన్‌ని గ్యాస్కెట్‌తో ఎక్కించి టార్క్ రెంచితో 11 న్యూటన్-మీటర్లకి బిగించాను. మీటరు పొడుగు కర్ర చివర కిలోంపావు బరువు కూడా వేలాడదీయనంత బలం. లారీ బోల్టులు బిగించిన చేతులకి అది బిగింపే కాదనిపిస్తుంది. కానీ ఎక్కువ బిగిస్తే రేకు అంచు వంగి, బోల్టుల మధ్య కారుతుంది.

తోడినదీ, కారినదీ కొలిస్తే 4.7 లీటర్లు. గేర్‌బాక్సులో మొత్తం పట్టేది సుమారు 10.6. మిగతాది ఎక్కడ? ఎక్కువ భాగం ఆ ఇనప గారెలో, అంటే కన్వర్టర్లో, కొంత రేడియేటర్ గొట్టాల్లో. అది పాన్ దించితే రాదు. కాబట్టి మేం మార్చింది 44 శాతమే. పలచటి మజ్జిగలో సగం పారబోసి చిక్కటిది కలిపితే ఏమవుతుందో అదే ఇక్కడా. మరో రెండు వారాలకి ఇంకోసారి చేస్తే కొత్తది 69 శాతం అవుతుంది, మూడోసారికి 83. నూటికి నూరు ఎప్పటికీ కాదు, ప్రతిసారీ తగ్గేది మిగిలినదానిలో భాగమే కాబట్టి. మూడుసార్లు చాలు.

తీసినంతే కొలిచి పోశాను. ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు ఉంచి, ఒక్కో గేరులో నాలుగు సెకన్లు ఆగుతూ అన్నీ తిప్పాను. ఖాళీ మార్గాలన్నీ నిండాలి. ఈ నూనె మట్టం ఇంజను నడుస్తుండగానే చూడాలి. ఆపితే కన్వర్టర్లో ఉన్నది పాన్‌లోకి దిగి అబద్ధం చెబుతుంది.

వేడి కూడా అబద్ధం చెబుతుంది. నూనె ప్రతి డిగ్రీకీ సుమారు పదివేలలో ఏడెనిమిది వంతులు ఉబ్బుతుంది. 20 డిగ్రీల నుంచి 80కి వెళ్తే 60 డిగ్రీలు, అంటే నాలుగున్నర శాతం. 10.6 లీటర్ల మీద అర లీటరు దగ్గరగా. డిప్‌స్టిక్ మీద చల్లటి గుర్తు వేరుగా, వేడి గుర్తు వేరుగా ఉండేది అందుకే. చల్లగా ఉన్నప్పుడే వేడి గుర్తు దాకా పోసేస్తే, వేడెక్కాక మట్టం పెరిగి తిరిగే భాగాలకి తగిలి నురగ పుడుతుంది. నురగలో గాలి అణుగుతుంది, నూనె అణగదు. ఇందాకటి 700 కిలోల చెయ్యి మెత్తబడిపోతుంది. తక్కువ పోసినా చివరికి జరిగేది అదే, పంపు గాలి పీలుస్తుంది కాబట్టి.

నూనెని వేడెక్కించాలి, పాత నూనెని ఇవ్వాలి. రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకున్నాం. ఇక్కడ పెద్ద విడిభాగాల దుకాణాలు చాలావరకూ వాడిన నూనెని డబ్బు తీసుకోకుండా తీసుకుని శుద్ధికి పంపుతాయి. ఒక్కసారి మార్చిన ఇంజన్ ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే 38 లక్షల లీటర్ల, మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. వానకాలవలో పోసే మెకానిక్కుల్ని నేను రెండు దేశాల్లోనూ చూశాను. ఆ నీళ్లు చివరికి ఎవరి బావిలోకి వెళ్తాయో వాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

దారిలో మళ్లీ అదే ఎర్ర లైటు పడింది. బ్రేకు మీద ఆగాం. నాన్న ఎడమ అరికాలు చాపకి అదిమిపెట్టి, ఇంజను చప్పుడు విన్నాడు.

"అయితే ఇప్పుడు చిలుకుతా ఉందంటావా?"

"చిలుకుతోంది నాన్నా."

ఇంటికొచ్చాక ఇంజను ఆపకుండా డిప్‌స్టిక్ తీసి, తుడిచి, ముంచి, మళ్లీ తీశాను. నాన్న టార్చి పట్టుకున్నాడు. కొత్త నూనె ఎంత తేటగా ఉందంటే గుర్తు కనపడటానికి స్టిక్‌ని ఏటవాలుగా పట్టాల్సి వచ్చింది. వేడి గుర్తుకి కొద్దిగా కింద ఉంది. 200 మిల్లీలీటర్లు పోసి, ఇంకోసారి చూసుకుని, మైళ్ల లెక్కా తేదీ నాన్న చేతనే డాష్‌బోర్డు సొరుగులోని నోటుపుస్తకంలో రాయించాను.